నోవహు చెల్లెలు

మే 18, ఆదివారం

నిన్నటితో పిల్లల బడి అయిపోయింది. పొద్దున్న ఆరాధనకి వెళ్ళొచ్చాను, భోంచేశాను, నడుం వాల్చాను. కళ్ళు మూసుకుంటే చెవుల్లో ఒకటే గోల. మావయ్యా, వీడు నా సుద్దముక్క లాక్కున్నాడు. మావయ్యా, ఇది నన్ను గిల్లింది. లేచి కూర్చున్నాను. ఈ డైరీ తీశాను. నా దగ్గర బస్సు సీట్లు కుట్టించుకున్న ట్రావెల్స్ ఆయన కొత్త సంవత్సరంలో ఇచ్చాడు. ఇన్నాళ్ళూ కుట్టుమిషను కాలు కింద ఎత్తుకి పెట్టాను. ఇప్పుడు మిషను ఊగుతోంది, నేను రాస్తున్నాను.

ఎవరి కోసం? ఎవరి కోసమూ కాదు. ప్రభువుకి చెప్పేవి మోకాళ్ళ మీద చెప్తాను. మనుషులకి చెప్పేవి మైకులో చెప్తాను. ఈ పది రోజుల సంగతులు రెండింట్లోనూ పట్టడం లేదు.

అసలు ఇది నా పని కాదు. ఏటా సెలవుల్లో పిల్లలకి బైబిలు బడి పెట్టేది పాస్టరుగారి భార్య. మేమందరం అమ్మగారు అంటాం. ఈసారి అమ్మగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. పాస్టరుగారు నా దుకాణానికొచ్చి, నేను స్పాంజి మారుస్తున్న సోఫాలోనే కూరుకుపోయి కూర్చుని, ఊరి చివర పైపులైను వేసేవాళ్ళ క్యాంపు పడింది, పిల్లలు చాలామంది ఉన్నారు, ఈ పది రోజులూ మీరు చూసుకోండి బ్రదర్ అన్నారు.

నేను వీధుల్లో అరిచే మనిషినండీ, పిల్లలు జడుసుకుంటారు అన్నాను. నా భయమూ అదే, కానీ ఇంకెవరూ దొరకలేదు అన్నారు. దాపరికం లేని మనిషి.

మా ఆవిడ ఒకటే చెప్పింది. నరకం గురించి మాత్రం ఎత్తకండి ప్రవక్తగారూ, చిన్నపిల్లలు, పక్కలు తడుపుతారు, ఉతుక్కోలేక వాళ్ళమ్మలు మిమ్మల్ని శాపనార్థాలు పెడతారు అంది.

మే 19, సోమవారం

ఇవాళ దుకాణానికొచ్చిన ఒకాయనతో, చేతులు కట్టుకుని నిలబడి చెప్పు నాన్నా అన్నాను. ఆయన బ్యాంకు మేనేజరు. కట్టుకున్నాడు.

మే 20, మంగళవారం

పని మీద ధ్యాస లేదు. రెగ్జిన్ కత్తిరిస్తుంటే ముక్కలు వాటంతటవే ఏనుగు చెవుల్లా కనిపిస్తున్నాయి.

అదంతా మొదటిరోజు ఓటమి వల్ల వచ్చింది. మొదటిరోజు నేను వెళ్ళి, బస్టాండులో నిలబడినట్టే నిలబడి, పాపం గురించి మొదలుపెట్టాను. మంచి ఊపు మీద ఉన్నాను. పిల్లలు కాసేపు నోళ్ళు తెరుచుకుని చూశారు. తర్వాత ఒకడు లేచి నా వెనక్కి వెళ్ళి, నా చొక్కా పైకెత్తి చూశాడు. ఏంట్రా అంటే, మైకు ఎక్కడ పెట్టుకున్నావో అని అన్నాడు. ఆ నిమిషం నుంచి నేను మైకు మావయ్యనైపోయాను. పాపం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇంటికొచ్చి మోకాళ్ళూనాను. నాకు బైబిలు కాలేజీ లేదు. మూడో తరగతిలో బడి మానేశాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఈ గ్రంథంలోనే. నాకేం చేతనవును ప్రభువా అని అడిగితే, జవాబు దుకాణంలో నేల మీద పడి ఉంది. రెగ్జిన్ ముక్కలు. కారు సీట్లవి నల్లవి, సోఫాలవి ఎర్రవి, సినిమా హాలు కుర్చీలవి నీలంవి. సంచిలో కుక్కుకుని తీసుకెళ్ళాను. జంతువుల్ని చేద్దాం రండి అన్నాను.

ఆ షెడ్డు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. రేకుల గోడలు, రేకుల కప్పు. సగం కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు, సగం పిల్లలు. మధ్యాహ్నానికి అందరి జుట్టూ తెల్లబడేది. పదేళ్ళ ముసలివాళ్ళు. ఎండకి రేకు చిటపటమనేది. ఆ వేడిలో కత్తెరలు పట్టుకుని, నాలుక బయటపెట్టి, చెవులూ తోకలూ కత్తిరించేవాళ్ళు. ఒకడు నీలం గుర్రం చేశాడు. గుర్రాలు నీలంగా ఉండవురా అంటే, ఇది చలిలో ఉంది అన్నాడు.

నోవహు ఓడలోకి జతలు జతలుగా ఎక్కించాలి అన్నాను. అక్కడొచ్చింది తంటా. క్యాంపులో కుక్కలు మూడు. ఏది దిగాలి? పెద్ద పంచాయితీ. ఏడుపులు. ఓట్లు వేసుకున్నారు. చివరికి మూడో కుక్కని పిల్లి అని చెప్పి ఎక్కించారు. నోవహుకి తెలియకపోతే చాలు మావయ్యా అన్నారు నాతో, రహస్యంగా.

నాకు రాగం రాదు. గొంతుంది, రాగం లేదు. పాట ఎత్తుకుంటే నాలుగో మాటకి దారి తప్పుతాను. మందిరంలో అయితే మిగతావాళ్ళు నన్ను వదిలేసి సరైన దారిలో వెళ్ళిపోతారు. ఈ పిల్లలు అలా కాదు. నేను ఎక్కడ తప్పితే అక్కడికి వాళ్ళూ వచ్చేసేవాళ్ళు. అందరం కలిసి తప్పు పాడేవాళ్ళం. అంత బాగా నేనెప్పుడూ పాడలేదు.

మే 21, బుధవారం

నాలుగో రోజు సంగతి రాయాలి. నిన్నంతా తప్పించుకున్నాను.

నాలుగో రోజు ఓడ కథ, జలప్రళయంలో నోవహు ఇంటివాళ్ళూ జంతువులూ తప్ప అందరూ మునిగిపోయిన కథ. అది నా కథ. ఇరవై ఏళ్ళుగా బస్టాండుల్లో, సందు చివర్లలో నేను చెప్పేది అదొక్కటే. తలుపు మూసుకోబోతోంది, ఈరోజే లోపలికి రా, రేపనేది నీ చేతిలో లేదు! ఈ మాటకి తాగినవాళ్ళ మత్తు దిగడం చూశాను. పోట్లాడుకునేవాళ్ళు చేతిలో రాయి పడేయడం చూశాను. నేను నమ్మి చెప్తాను. అందుకే అరుస్తాను. ఇల్లు తగలబడుతుంటే ఎవరైనా మెల్లగా చెప్తారా?

పిల్లలకి చెవిన పడితే చాలదు, ఒంటికి తగలాలి అనుకున్నాను. ముందురోజే చెప్పాను, రేపు ఆలస్యం అయినవాళ్ళు ఓడెక్కరు అని. టైము కాగానే రేకు తలుపు లాగి, పైన గొళ్ళెం వేసేశాను. దేవుడు తలుపు మూశాడు అని గట్టిగా అన్నాను. లోపలున్నవాళ్ళు ఓడలో ఉన్నట్టు. చేతుల్లో ఏనుగులూ నీలం గుర్రాలూ. ఆలస్యమైన ఏడెనిమిదిమంది బయట ఉండిపోయారు.

వాళ్ళు మొదట ఆట అనుకున్నారు. కిసుక్కుమన్నారు. తర్వాత తలుపు తట్టారు. తర్వాత బాదారు. రేకు తలుపు, రేకు గోడలు. ఉరుములే. అంత మంచి ఉరుము నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. నేను దాని మీద గొంతు లేపాను. ఇప్పుడు కొడితే ఏం లాభం, పిలిచినప్పుడు నవ్వారు కదా అన్నాను. లోపల ఒక చిన్నది ఏడుపు అందుకుంది. తర్వాత ఇంకొకడు. తర్వాత అందరూ. వాక్యం పనిచేస్తోంది అనుకున్నాను. నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అప్పుడు బయట నుంచి, ఆ మోతలోంచి, అక్కా అని ఒక గొంతు.

ముందు వరసలో ఒక పిల్ల కూర్చునేది. తొమ్మిదేళ్ళుంటాయి. దాని గౌను అంచు పట్టుకుని ఎప్పుడూ ఒక చెల్లెలు. ఎక్కడికెళ్ళినా వెనకే. మిగతా పిల్లలు ఆ చిన్నదాన్ని తోక అంటారు. ఆరోజు తోక నీళ్ళు తాగడానికని వెళ్ళి బయట ఉండిపోయింది. నేను చూసుకోలేదు.

అక్క లేచింది. నన్నడగలేదు. మూలనున్న బకెట్టు తెచ్చి తలుపు దగ్గర బోర్లించింది. ఎక్కింది. గొళ్ళెం మీద చెయ్యేసింది. నేను పరిగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. దిగు, నోవహు తలుపు తీయలేదు అన్నాను. మా చెల్లి బయటుంది అంది. ఎవరున్నా సరే తీయలేదు అన్నాను. నా వైపు తిరిగింది. బకెట్టు మీద ఉంది కాబట్టి కళ్ళు నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

నోవహుకి చెల్లెలు లేదా అంది.

చదువుకున్నవాళ్ళు వచ్చి ఆదాము కొడుకు కయీనుకి భార్య ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే జవాబు చెప్పిన నోరు ఇది. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చెయ్యి వదిలేశాను. గొళ్ళెం తీసింది. బయటివాళ్ళందరూ ఒకరి మీద ఒకరు లోపల పడ్డారు. తోక వచ్చి అక్క గౌను పట్టుకుని ఏడుపు ఆపేసింది. అంతే. ఓడ మునగలేదు.

ఆరోజు నుంచి ఆ పిల్ల పేరు గొళ్ళెం. పేరు పెట్టింది నేను కాదు, పిల్లలే.

మే 22, గురువారం

పదో రోజు సంగతి కూడా రాసేస్తే ఓ పనైపోతుంది.

మా పరిచర్యలో ఒక పద్ధతుంది. ఆఖరిరోజు ఆఖరి ప్రార్థన ముందు అడుగుతాం. ప్రభువుని మీ హృదయంలోకి పిలిచినవాళ్ళు చేతులెత్తండి అని. పెద్దవాళ్ళ దగ్గర ఇది గుండెలు పీకే నిమిషం. ఒక్కొక్క చెయ్యి లేవడానికి ఎంతసేపో. పిల్లల దగ్గర అలా కాదు. వాళ్ళకి చెయ్యెత్తడమంటేనే ఇష్టం. అడక్కముందే లేచాయి. ఒకడు రెండు చేతులూ ఎత్తి, చాలదనుకున్నాడో ఏమో, కాలు కూడా ఎత్తాడు.

గొళ్ళెం ఎత్తలేదు. ఒక చెయ్యి ఒళ్ళో ఉంది, ఒక చెయ్యి తోక తల మీద ఉంది.

దగ్గరికెళ్ళి కూర్చున్నాను. నీకు ఇష్టం లేదా తల్లీ అన్నాను. ఇష్టమే అంది. మరి? ముందు అది చెప్పు అంది. ఏది? నోవహుకి చెల్లెలు ఉందా లేదా, ఉంటే దాన్ని ఏం చేశాడు. నేను లోపలికొచ్చేశాక ఇది బయట ఉండిపోతే, నేను మళ్ళీ తలుపు తీయొచ్చా తీయకూడదా? అది తెలియకుండా చెయ్యి ఎలా ఎత్తను మావయ్యా అంది.

చుట్టూ పిల్లలు చేతులు దించకుండా చూస్తున్నారు. నొప్పి పుడుతున్నట్టుంది, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకున్నారు.

రేపు చెప్తాను అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. రేపు లేదు. ఆ సాయంత్రమే షెడ్డు తాళం ఇచ్చేశాను. రేపనేది నీ చేతిలో లేదని ఇరవై ఏళ్ళుగా అరుస్తున్న మనిషినే, మర్నాడు బడి లేదని తెలిసిన మనిషినే. ఆ పిల్ల మాత్రం సరే అని తలూపింది. నమ్మింది.

మే 23, శుక్రవారం

దొరికింది.

పని కట్టేసి గ్రంథం ముందేసుకున్నాను. జలప్రళయం అధ్యాయాలు మొత్తం వెతికాను. ఏముంది, నాకు నోటికొచ్చినవే. నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. ఎనిమిదిమంది. చెల్లెలి మాట లేదు. అమ్మయ్య, లేదని చెప్పేయొచ్చు అనుకున్నాను. మూసేయబోయాను.

ఎందుకో వెనక పేజీ తిప్పాను. వంశావళి. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, ఇన్నేళ్ళు బతికాడు, చనిపోయాడు. అక్కడికొచ్చేసరికి ఎవరైనా దాటేస్తారు. నేనూ దాటేస్తాను. నోవహు తండ్రి లెమెకు. నోవహు పుట్టిన చోట నా ఎర్ర పెన్సిలు గీత ఉంది, పాతది. దాని కిందే ఉంది. నోవహుని కన్నాక లెమెకు ఇంకా బోలెడన్నేళ్ళు బతికి, కొడుకుల్నీ కూతుళ్ళనీ కన్నాడట.

కూతుళ్ళు. నోవహు తర్వాత పుట్టినవాళ్ళు. అంటే చెల్లెళ్ళే.

ఆ లైను కింద గీత లేదు. శుభ్రంగా ఉంది.

మే 24, శనివారం

ఒకరు కాదు. చెల్లెళ్ళు.

మే 25, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారింటికి వెళ్ళాను. అమ్మగారు మంచం మీద కాలు చాపుకుని, పిల్లలు ఎలా ఉన్నారు, పాటలేమైనా నేర్చుకున్నారా అని అడిగారు. అన్నీ చెప్పాను. మూడో కుక్క సంగతికి కట్టు కదిలేట్టు నవ్వారు. నవ్వి, అబ్బా కాలు అని, మళ్ళీ నవ్వారు.

పాస్టరుగారికి ఆ లైను చూపించాను. ఆయనకి తెలుసు. సెమినరీలోనే చదివారట. మరి ఎప్పుడూ చెప్పలేదేమండీ అంటే, ఎవరూ అడగలేదు బ్రదర్ అన్నారు. వరదకి ముందే చనిపోయి ఉండొచ్చు. పిలిస్తే రానని ఉండొచ్చు. గ్రంథం చెప్పని చోట మనం ఆగాలి అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. పిల్లకి ఇవన్నీ ఎందుకు, చిన్నవాళ్ళని ప్రభువు వదులుకోడు, మీ చెల్లికేం కాదు అని చెప్పండి, చాలు అన్నారు.

అది నేనూ నమ్ముతాను. కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు.

చెప్తే చెయ్యి ఎత్తదు. చెప్పకపోతే ఎత్తుతుందేమో. ఇది రాస్తుంటే నాకే చలేసింది. ఒక ఆత్మ తలుపు దాకా వచ్చి నిలబడింది. నిజం చెప్తే వెనక్కి పోతుందేమోనని నేను లెక్కలు వేస్తున్నాను. లే, సోమరీ! ఆ మాట వీధుల్లో జనాన్ని అంటావే, నిన్ను నువ్వు అనుకో.

మే 26, సోమవారం

మా ఆవిడ గురించి రాయలేదు ఇంతవరకూ.

మా ఆవిడ మందిరానికి రాదు. రానని ఎప్పుడూ అనలేదు. రాదు. పెళ్ళైన కొత్తలో బతిమాలాను. తర్వాత కొన్నేళ్ళు అరిచాను. తర్వాత మానేశాను. ఆదివారం నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి గుమ్మం దగ్గర మేకుకి తగిలిస్తుంది. నేను వెళ్ళొస్తాను. ఆమె కుట్టుపని చేసుకుంటుంది. దుకాణంలో సగం పని ఆమెదే. మూలలు మడవడంలో నేను ఆమె కాలిగోటికి చాలను.

ఇవాళ ఆమె సోఫా కవరు కుడుతుంటే, నేను పాత రెగ్జిన్ బిగించిన చిన్న మేకులు పెరుకుతూ మొత్తం చెప్పాను. గొళ్ళెం సంగతి, తోక సంగతి, లెమెకు కూతుళ్ళ సంగతి. మిషను ఆపింది.

ఎంతమంది చెల్లెళ్ళట అంది. రాయలేదన్నాను. పేర్లు? రాయలేదన్నాను. పాపం, అన్న అంత పెద్ద పడవ కడుతుంటే చూడ్డానికి రాకుండా ఉంటారా, కట్టినన్నాళ్ళూ భోజనం క్యారేజీలు పంపింది వాళ్ళే అయ్యుంటారు అంది.

చేతిలో పట్టకారు కింద పెట్టాను.

అలా మొహం పెట్టకండి ప్రవక్తగారూ అంది. మీ ఓడ వచ్చినప్పుడు మీరు ఎక్కి తలుపేసుకోండి. నేను బయట గొడుగేసుకుని నిలబడతాను. నాకు తడవడం కొత్తా ఏంటి, మీ స్కూటరు వెనక ఎన్నిసార్లు తడవలేదు అంది. నవ్వింది. మళ్ళీ మిషను తొక్కింది.

ఇరవై ఏళ్ళుగా ఆ తలుపు గురించి చెప్తున్నాను. తలుపుకి ఇవతల నుంచి చెప్తున్నాను. అవతల ఉన్నవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూసుకుని ఉంది.

మే 28, బుధవారం

క్యాంపు లారీ డ్రైవరు దుకాణానికొచ్చాడు. సీటు చినిగి స్ప్రింగు పొడుచుకొచ్చింది. అన్నా, త్వరగా కుట్టివ్వు, పైపులు వేయడం అయిపోయింది, శుక్రవారం క్యాంపు ఎత్తేస్తున్నాం, ఇంత దూరం ఈ స్ప్రింగు మీద కూర్చుంటే నేను మిగలను అన్నాడు.

ఎక్కడికి అన్నాను. ఎక్కడ తవ్వమంటే అక్కడికి అన్నాడు.

పిల్లలు ఎలా ఉన్నారు అని అడిగాను. నువ్వేనా ఆ మైకు మావయ్యవి, రోజూ ఆ తప్పు రాగంలోనే పాడి చంపుతున్నారన్నా అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము అన్నాను.

గొళ్ళెం గురించి అడిగాను. ఆ పిల్లా? రోజూ పొద్దున్నే చెల్లిని వెంటేసుకుని షెడ్డు దగ్గర కూర్చుంటోంది, మా వాళ్ళు సిమెంటు బస్తాలు తీస్తుంటే అడ్డమని తిడతారు, లేస్తుంది, మళ్ళీ వస్తుంది అన్నాడు. ఎవరి కోసమో అన్నాడు.

మే 29, గురువారం

సీటు ఎప్పుడో అయిపోయింది. డ్రైవరుకి ఇంకా అవలేదని చెప్పాను. సీటు లేకపోతే లారీ కదలదు కదా అని. సిగ్గు లేదు నాకు.

మే 30, శుక్రవారం

పొద్దున్నే మా ఆవిడ సీటు చూసి, ఇది నిన్ననే అయిపోయింది కదా అంది. నా మొహం చూసింది, చెప్పులేసుకుంది. అంత పెద్ద సీటు స్కూటరు మీద మీరొక్కరే ఎలా తీసుకెళ్తారు, పదండి అంది. సీటు ఆమె ఒళ్ళో, ఆమె నా వెనక. దారంతా గాలికి ఆ సీటు నా వీపుని ముందుకి నెడుతూనే ఉంది. ఆగుదామన్నా ఆగనివ్వలేదు.

క్యాంపు సగం ఊడిపోయింది. షెడ్డు రేకులు విప్పి లారీ మీద పేర్చేశారు. షెడ్డు ఉన్నచోట నేల మీద తెల్లగా నలుచదరం, అంతే. అందరం అందులో ఎలా పట్టామో అనిపించింది. పిల్లలు చుట్టుముట్టారు. నీలం గుర్రం ఇంకా ఉంది, ఒక కాలు లేదు. నా జేబులు వెతికారు. చొక్కా పైకెత్తి చూశారు.

గొళ్ళెం పరిగెత్తి రాలేదు. గిన్నెలు మూట కడుతోంది. ముడి వేసి, చేతులు గౌనుకి తుడుచుకుని, అప్పుడొచ్చింది. వెనక తోక. రేపన్నావు కదా అంది. తిట్టినట్టు కాదు. ఆ రేపు ఇవాళే అన్నట్టు.

గ్రంథం తెరిచి ఆ లైను మీద వేలు పెట్టించాను. కూడబలుక్కుని చదివింది, ఒకప్పుడు నేను చదివినట్టే. నేను ఆగాను. దాని పెదాలు ఆ మాట దాకా వచ్చాయి.

ఉన్నారు తల్లీ అన్నాను. చెల్లెళ్ళే. ఓడలో ఎక్కలేదు.

ఎందుకు అంది. రాయలేదన్నాను. పిలిచాడా? రాయలేదు, నా మటుకు నేను పిలిచే ఉంటాడనుకుంటున్నాను. మరి తలుపెందుకు తీయలేదు? తలుపు మూసింది నోవహు కాదు, దేవుడే మూశాడని ఉంది అన్నాను. అయితే గొళ్ళెం నోవహుకి అందలేదు పాపం అంది.

పాస్టరుగారు చెప్పింది కూడా చెప్పాను. నమ్మే చెప్పాను. మీ చెల్లి చిన్నది, చిన్నవాళ్ళని ప్రభువు వదులుకోడు, దానికేం కాదు అన్నాను. తోక వైపు చూసింది. ఇది పెద్దదవుతుంది కదా మావయ్యా అంది.

అక్కడ నా దగ్గరున్నదంతా అయిపోయింది. నాకు తెలియదమ్మా అన్నాను. ఈ మాట ఎవరి ముందూ అన్నవాణ్ణి కాదు. గొంతు నాది కానట్టు, చిన్నగా వచ్చింది. నాకూ బయట ఒకరున్నారు, నాకూ తెలియదు అన్నాను.

ఎవరు అంది. చూపించాను. అవతల లారీ దగ్గర మా ఆవిడ డ్రైవరుతో పోట్లాడుతోంది, సీటు తిరగేసి బిగిస్తున్నాడని. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు నాయనా, కుట్టు వెనక్కి రావాలి అంటోంది. గొళ్ళెం చాలాసేపు చూసింది. మంచిదేనా అని అడిగింది. చాలా మంచిది అన్నాను.

అయితే, ముందు నీకు తెలిస్తే నువ్వు నాకు చెప్పు, ముందు నాకు తెలిస్తే నేను నీకు చెప్తా అంది. ఎక్కడికొచ్చి చెప్తావు అని నేను అడగలేదు. ఒట్టు అన్నాను. చెయ్యి చాపింది. చేతిలో చెయ్యేశాను. చేతులెత్తమని ఆ పిల్లని అడగలేదు. అడగాలనిపించలేదు.

లారీ కదిలింది. మూటల మీద పిల్లలు. తప్పు రాగం. గొళ్ళెం ఒక చేత్తో తోకని పట్టుకుని రెండో చెయ్యి ఊపింది. చెయ్యెత్తింది చూశారా, లెక్కలో వేసుకోండి అని మా ఆవిడ వెక్కిరించింది. అని, దుమ్ము అనుకుంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మధ్యలో లారీ సీటు లేదు. మా ఆవిడ నా భుజం పట్టుకుని కూర్చుంది.

జూన్ 1, ఆదివారం

మందిరంలో నాకే ఇచ్చారు ప్రసంగం. ఓడ గురించే చెప్పాను. చెల్లెళ్ళ దాకా వచ్చాను. తలుపు మాట ఎత్తకుండా గ్రంథం మూశాను. కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ చాప మీద వాలి, ఇవాళ ఏం చెప్పారు అంది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి అడగడం. మొదటి నుంచి మొదలుపెట్టాను. జంతువులు ఎక్కేలోపే నిద్రపోయింది.

ఆపలేదు. ఆమె లేవకుండా, చిన్న గొంతుతో, ఆఖరిదాకా చెప్పాను.